మొదటి స్టేషన్‌లో ఇల్లు

కొత్త రైలు వచ్చాక ఎంత దూరపు ఊరి నుంచైనా హైదరాబాదుకు పావుగంటే. ఊరు ఎంచుకునేటప్పుడు అందరూ నీళ్లూ బడీ చూస్తారు. రోజూ హైదరాబాదులో ఆఫీసుకు పోయే మణిదీప్ మాత్రం రైలు బయలుదేరే స్టేషన్ చూస్తాడు. పెట్టె ఖాళీగా ఉండేది అక్కడే, కిటికీ సీటు మీద చేతిరుమాలు విసరగలిగేదీ అక్కడే.

"పావుగంటకు సీటెందుకయ్యా?" అని భార్య సహస్ర అడిగితే, "నిలబడి పోతే ఇజ్జతేముంటది?" అనేవాడు.

రైల్వేవాళ్లు ఏటా లైను పొడిగించారు. మొదటి స్టేషన్ జరిగినప్పుడల్లా వీళ్లూ సామాను కట్టారు. జనగామ నుంచి డోర్నకల్, అక్కడి నుంచి మధిర, ఇంకా అవతలికి. ఆరిళ్లలో పాలు పొంగించి పొంగించి గిన్నె అడుగు నల్లబడింది.

ఈ ఏడాది లైను చుట్టు తిరిగి మళ్లీ హైదరాబాదుకే చేరింది. కొత్త మొదటి స్టేషన్ సరిగ్గా మణిదీప్ ఆఫీసు పక్కనే. వెంటనే ఆ స్టేషన్‌కు ఎదురుగానే ఇల్లు తీసుకున్నాడు.

"బతికిన! ఇగ రైలు బాధ లేదు" అంటూ సహస్ర ఏడో ఇంట్లో పాలు పొంగించింది.

సోమవారం పొద్దున ఆమె బాల్కనీలోంచి చూస్తే, మొగుడు టిఫిన్ డబ్బాతో ఆఫీసు గేటు దాటేసి స్టేషన్‌లోకి పోతున్నాడు.

"ఏమయ్యా, ఆఫీసు గిదే గదా! రైలెందుకు?"

మణిదీప్ వెనక్కి తిరిగి రుమాలు ఊపాడు. "నడిచిపోతే కిటికీ సీటెట్ల దొరుకుతది?"