ముంగిస వంతు

మడుగు ఒడ్డున తాబేలు తాత రోజూ అందరి చేతా ఒక కథ ఆడించేది. కథలో ఎవరేం చేస్తారో వాళ్లే చెప్పి గవ్వలు వేయాలి. అవి వెల్లకిలా పడితేనే ఆ పని జరిగినట్టు.

ముంగిస మాత్రం గవ్వలు ముట్టకుండానే అందరి వంతులోనూ దూరి, "పామును నేనే చంపేశా" అనేది. ఒకరోజు ఉడుత అలిగి చెట్టెక్కింది.

తాబేలు ముంగిసను పక్కకు పిలిచింది. "గవ్వలంటే అంత భయమేమిట్రా?"

"బోర్లా పడితే చచ్చిపోతాను కదా తాతా. చచ్చినవాణ్ణి రేపు ఆటకెవరు పిలుస్తారు?"

"నేను పిలుస్తాను. వెయ్యి."

ముంగిస పాము మీదికి దూకుతానని చెప్పి గవ్వలు వేసింది. అన్నీ బోర్లా పడ్డాయి. కథలో పాము కాటేసింది. ముంగిస తల వంచుకుని లేచింది.

"కూర్చో. విరుగుడు ఆకు చిటారుకొమ్మన ఉంది. ఉడుతా, నీ వంతమ్మా."

ఉడుత దిగొచ్చి గవ్వలు అందుకుంది. అవి వెల్లకిలా పడాలని ముంగిస ఊపిరి బిగబట్టి, నోరు మెదపకుండా కూర్చుంది.