కాపలా ఊయల

క్లెతోకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ పొద్దున సంతలోకి అతని కంటే ముందు అతని చెవులే వచ్చాయి.

"వదినా, ఒక ఊయల కావాలి. ఇంట్లోకి కాదు. అడవిలో చెట్లకి కట్టుకుని పడుకోడానికి."

ఊయలలు అల్లి అమ్మే ఎల్మీరా మొక్కజొన్న రొట్టె నములుతూ తల ఎత్తింది.

"ఏం మరిదీ, మా చెల్లి ఇంట్లోంచి తరిమేసిందా?"

"నవ్వకు. నా తేనెపెట్టెలు పోతున్నాయి. వారం వారం కొన్ని. ఎవడో దొంగవెధవ ఇప్పటికి సగం మోసుకుపోయాడు. మిగతావి కూడా పోతే నా పిల్లలు గాలి తిని బతకాలి."

సంతలో సగం మంది ఇటు తిరిగారు. క్లెతో మెల్లగా మాట్లాడగా ఆ ఊళ్ళో విన్నవాళ్ళు లేరు.

ఎల్మీరా ఒక తెల్ల నూలు ఊయల విప్పి చూపించింది.

క్లెతో పెదవి విరిచాడు. "ఇది మంచుకి నాని తెల్లారేసరికి తడి గోనెసంచి అవుతుంది. నైలాన్‌ది తియ్యి."

"నైలాన్ వీపు కోస్తుంది."

"కొయ్యనీ. నాకు నిద్ర పట్టకూడదు. వాడు రావాలి, వాడి కాళ్ళు నేను విరగ్గొట్టాలి."

"దానికి ఊయలెందుకు? ముళ్ళకంప మీద కూర్చో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. క్లెతో చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి.

ఒక నీలం ఊయల అల్లికలో వేళ్ళు దూర్చి చూశాడు. "ఈ కన్నాల్లో దోమేంటి, కోడి కూడా దూరుతుంది." ఇంకోదాని తాడు లాగి చూసి పక్కన పడేశాడు.

చివరికి ముదురాకుపచ్చది నచ్చింది. దగ్గర అల్లిక. కొట్టు గుంజలకి కట్టించుకుని, అందులో ఏటవాలుగా పడుకున్నాడు.

"ఇది బాగుంది. ఆకుల్లో కలిసిపోతుంది. దొంగకి కనపడను."

అప్పుడే ఎవరో బక్కపల్చటి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని, ఊయల పక్కకొచ్చి నిలబడ్డాడు. ఈ ఊరివాడు కాదు.

"అయ్యా, సోయా పొలం పక్కనున్న తేనెపెట్టెలు మీవేనా?"

"నీకెలా తెలుసు, అక్కడ పెట్టెలున్నాయని?"

"చూశాను. ఎవరివో తెలీక ఇన్నాళ్ళూ... మీరు అక్కడ పడుకోవద్దయ్యా. రేపు..."

"నేను పడుకుంటే నీకేం అడ్డం?"

క్లెతో కోపంగా లేవబోయాడు. ఊయలలోంచి కోపంగా లేవడం ఎవరి వల్లా కాదు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కాళ్ళు పైకెత్తి వెనక్కి పడ్డాడు. సంతంతా గొల్లుమంది.

ఆ నవ్వే కొంప ముంచింది.

మూడోసారి నేల మీద కాలు ఆనగానే క్లెతో ఆ మనిషి చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. చెయ్యి వాచి ఉంది. మణికట్టు దాకా తేనెటీగలు కుట్టిన దద్దుర్లు.

"చూడండిరా. నా ఈగలు పెట్టిన సంతకం ఇది."

"నేను చెప్పేది వినండయ్యా. ఆ పెట్టెలు నేనే..."

ఆ 'నేనే' చాలింది. క్లెతో లాగి చెంప మీద కొట్టాడు. తర్వాత ఎవరెవరు కొట్టారో ఎవరూ చూడలేదు. తలో చెయ్యి వేశారు.

ఊరిపెద్ద సబీనో పరుగున వచ్చి అతన్ని విడిపించి, కచేరీ వెనక కొట్లో పెట్టి గొళ్ళెం వేశాడు.

"ఏదో చెప్పాలంటున్నాడు, క్లెతో."

"దొంగలందరూ ఏదో చెప్పాలంటారు. పొద్దున నేనొచ్చేదాకా వాణ్ణి వదలొద్దు. వాడి మాట ఒక్కటి కూడా నా దగ్గరికి మోసుకురావద్దు."

"మరి ఊయల?" అనడిగింది ఎల్మీరా.

"దొంగ దొరికాక కాపలా దేనికి వదినా?"

ఆ రాత్రి ఇంట్లోనే గుర్రుపెట్టి నిద్రపోయాడు.

మర్నాడు పొద్దెక్కాక పెట్టెల దగ్గరికి వెళ్ళాడు. దూరం నుంచే వినిపించే రొద వినిపించలేదు.

ఈగలు పెట్టెల ముందు నల్లగా రాలి ఉన్నాయి. కొన్ని ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. సోయా పొలం మీద నుంచి వచ్చే మందు వాసనకి గొంతు మండింది. కంచె పొడుగునా ట్రాక్టరు టైర్ల అచ్చులు, కొత్తవి.

క్లెతో కచేరీకి పరిగెత్తాడు. కొట్టు తలుపు కాలితో తన్నాడు.

"మిగిలినవన్నీ చచ్చాయి. నువ్వెత్తుకుపోయినవి ఎక్కడ పెట్టావో చెప్పు. చెప్పకపోతే ఇక్కడే చంపుతాను."

లోపలి మనిషి వాచిన మొహం ఎత్తాడు.

"అన్నీనా అయ్యా?"

"ఎక్కడ?"

"గుట్ట అవతల. పాత బావి దగ్గర."

క్లెతో గుట్ట ఎక్కి దిగాడు.

చెట్ల నీడలో పెట్టెలు వరసగా ఉన్నాయి. కింద చీమలు పట్టకుండా రాళ్ళు, పైన ఎండ తగలకుండా తాటాకులు. ఈగలు మునగకుండా తాగడానికి నీళ్ళపళ్ళెంలో పుల్లలు వేసి ఉన్నాయి. రొద చెవులు నింపేస్తోంది. పోయిన పెట్టెల్లో ఒక్కటి కూడా తగ్గలేదు.

అక్కడే కూలబడ్డాడు. కోపం ఎవరి మీద పడాలో తెలీక అతని చుట్టూనే తిరుగుతోంది.

తిరిగి వచ్చేసరికి కొట్టు తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

"ఏడీ అతను?"

సబీనో నేల చూశాడు.

"సోయా పొలం యజమాని మనుషులొచ్చి బండెక్కించుకుపోయారు. పొద్దున రాలేదని పన్లోంచి తీసేశారు. జిల్లా దాటించి దింపేస్తారట."

"ఏం పని చేసేవాడు?"

"రాత్రంతా అదే చెప్పాడు, క్లెతో. నేనూ నమ్మలేదు. ఆ పొలంలో మందు కొట్టే ట్రాక్టరు తోలేది అతనే, ఇవాళ ఒక్కరోజే ఇంకొకడు తోలాడు. మందు పడేలోపు మిగిలిన పెట్టెలు మోయడం ఒక్కడి వల్ల కాక, నిన్ను సాయం అడుగుదామని నిన్న సంతకొచ్చాడు."