ఓవెన్ మీద తువ్వాలు

మూడు రోజులుగా ముసురు. ఉపగ్రహ చిత్రాల గిడ్డంగిలో పాత టేపులు చెమ్మకు అంటుకుపోయాయి. రాత్రంతా సన్నటి వేడిమీద ఓవెన్‌లో ఉంచాకే వాటిని యంత్రానికెక్కించాలి. లేకపోతే పూత ఊడి బొమ్మ పోతుంది.

అన్న తడిసిన తువ్వాలు ఓవెన్ మీద ఆరేశాడు.

“వాగు పక్క పొలం చెక్క అప్పట్లో బీడని నీ బావమరిది కోర్టులో ప్రమాణం చేశాడు. ఆనాటి బొమ్మలో నా పైరు కనబడితే చాలురా, నేల నాకు దక్కుతుంది.”

“కనబడుతుందిలే అన్నయ్యా.” టేపుల పని చూసే తమ్ముడు టేపును ఓవెన్‌లో పెట్టి తలుపు మూశాడు.

“బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడంటారు. ఉత్తమాట!” అని అన్న నవ్వాడు.

మర్నాడు పొద్దున టేపు యంత్రంలో కీచుమంది. గోధుమరంగు పొడి రాలింది. తెర మీద ఏమీ రాలేదు.

“ఉన్నదిదొక్కటే. నా చేతుల్లో ఏముంది అన్నయ్యా?”

“నువ్వేం చేస్తావులేరా, నా రాత” అంటూ అన్న తువ్వాలు అందుకున్నాడు. అది నిన్నటిలాగే తడిగా ఉంది. ఓవెన్‌కు అరచెయ్యి ఆనించి చూశాడు.

“భోంచేసి వెళ్ళు” అన్నాడు తమ్ముడు.

అన్న తినకుండానే మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.