ఎడమ కంటిలో తెల్ల మచ్చ

"మా ఆయన కంటి నరం వాచిందని రాసిందెవరు? ముందు ఆ మనిషిని పిలవండి!"

బస్సు డ్రైవరు భార్య డాక్టరు బల్ల మీద అరచేత్తో కొట్టింది. డ్రైవరు పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి రిపోర్టు వెళ్లిన రోజే డిపోవాళ్లు అతణ్ణి బండి దింపేశారు. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు.

"ఇవాళ మళ్లీ చూశానమ్మా. వాపు లేదు," అన్నాడు డాక్టరు. కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. "ఎడమ కంట్లో ఈ తెల్ల మచ్చ చూడండి. కరెంటు తీగకున్నట్టే కంటి నరానికీ తొడుగు ఉంటుంది. అది కంటి వెనకే ఆగిపోవాలి. కొందరికి లోపలికీ వస్తుంది. పుట్టుకతో వచ్చేదే. హాని చెయ్యదు. ఆ కంటికి చూపు కాస్త తక్కువ, అంతే. అద్దాలు పెట్టుకుని బండి నడపొచ్చు."

"చూపు తక్కువేంటి? పోయినేడాది డిపో పరీక్షకి ఇక్కడే కదా అక్షరాలన్నీ చివరి వరస దాకా చదివాడు! కంట్లో చుక్కలు వేయించుకుని ఇంటికొచ్చి పేపరు కూడా చదివాడు. ఇవాళ మీరేం చుక్కలు పోశారో, వెలుతురు చూడలేకపోతున్నాడు, నా మొహమే మసగ్గా ఉందంటున్నాడు!"

గుమస్తా వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ప్రతి జబ్బుకీ ఒక కోడ్ ఉంటుందమ్మా. ఈ మచ్చకి విడిగా దొరకలేదు. వాపు దగ్గరగా ఉందని అది కొట్టాను."

"దగ్గరగా ఉందనా? నీ జీతం దగ్గరగా ఉందని పక్కింటాయన ఖాతాలో వేస్తే ఊరుకుంటావా?"

డ్రైవరు ఆమె మోచేయి పట్టుకున్నాడు. "మార్చి ఇస్తామంటున్నారుగా. పోదాం పదవే."

"మీరు ఊరుకోండి! మీ మెతకతనం చూసే అందరూ నెత్తికెక్కుతున్నారు. మీ తమ్ముడూ ఉన్నాడు, అచ్చు మీ పోలికే, కానీ నోరుంది. ఊళ్లో ఉండుంటే వీళ్ల పని పట్టేవాడు."

డాక్టరు వెతికి చూపించిన కోడ్ గుమస్తా కొట్టాడు. డాక్టరు సంతకం పెట్టి కొత్త రిపోర్టు ఇచ్చాడు. డ్రైవరు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ఆమె లేవలేదు.

"మొన్న వాపన్నారు, ఇవాళ ఏమీ లేదంటున్నారు. డిపోవాళ్లు నమ్ముతారా? చెయ్యి తడిపి రాయించుకున్నాడంటారు. పోయినేడాది తీసిన ఫోటో కూడా జత చెయ్యండి. అప్పుడూ ఇదే మచ్చ ఉంటే ఇక ఎవడు నోరెత్తుతాడు?"

"మంచి మాట," అన్నాడు డాక్టరు.

"ఎందుకే అవన్నీ..." అన్నాడు డ్రైవరు.

పాత ఫోటో తెర మీదికి వచ్చింది. డాక్టరు దాన్ని పెద్దది చేశాడు. కుడి కంటి ఫోటో కూడా తెరిచి చూశాడు.

"మచ్చ లేదు."

"అంటే ఈ మధ్య వచ్చిందా?"

"ఇది మధ్యలో వచ్చేది కాదమ్మా. ఈ ఫోటో మీ ఆయన కంటిది కాదు."

ఆమె గుమస్తా మీదికి లేచింది. "కోడ్ చాలక కళ్లు కూడా మార్చేశావా? ఎవడి కన్ను తెచ్చి మా ఆయన పేరున పెట్టావు?"

"గుర్తింపు కార్డు మీద బొమ్మా, మనిషి మొహమూ చూసే కూర్చోబెడతామమ్మా. ఫోటో తియ్యగానే ఆ పేరు మీదే ఎక్కుతుంది. మార్చాలన్నా మారదు."

"విన్నారా ఎంత నిబ్బరంగా బొంకుతున్నాడో!" అంటూ ఆమె భర్త వైపు తిరిగింది.

అతడు నేల చూస్తున్నాడు. ఈసారి పోదాం పదమని అనలేదు.

మళ్లీ బల్ల మీద కొట్టబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది.

పోయినేడాది ఆ పరీక్ష రోజు సాయంత్రం, కళ్లు తెరవలేకపోతున్నాను, లైటు ఆర్పండని ఇంట్లో గోల చేసింది మరిది.