ఆరొందల కిలోమీటర్ల ఆలస్యం

"ఒక్క రసీదు రావడానికి ఇంతసేపా? పార్సిల్ పట్టుకొచ్చినవాడు క్యూలోనే ముసలాడైపోయేట్టున్నాడు!"

ఓనరుగారి అరుపుకి బుకింగ్ హాలు దద్దరిల్లింది. కౌంటర్లలో ఉన్నవాళ్లంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చేశారు. క్యూలో ఉన్నవాళ్లు మాత్రం 'అదీ, అలా గడ్డి పెట్టండి' అన్నట్టు చూశారు. ఇంజనీరమ్మ తల వంచుకుని నిలబడింది.

ఆమె చేసిన నేరమల్లా ఒకటే. రేపు ఈ ఆఫీసుకి నిప్పంటుకున్నా, వరదొచ్చి ముంచేసినా, ఎవరి పార్సిల్ ఎక్కడుందో తెలియక కంపెనీ రోడ్డున పడకూడదని, ఆరొందల కిలోమీటర్ల అవతలున్న గోడౌన్‌లో లెక్కలన్నీ దాచే రెండో డిస్కు మిషన్ పెట్టించింది. ఇక్కడి మిషన్‌లో ఏ ఎంట్రీ పడినా అదే క్షణంలో అక్కడా పడుతుంది. 'నాకూ పడింది' అని అక్కణ్నుంచి జవాబొచ్చాకే ఇక్కడ రసీదు బయటికొస్తుంది. చిక్కంతా ఆ జవాబు దగ్గరే వచ్చిపడింది.

"దూరం సార్. ఒక్కో రసీదుకి కొన్ని వందలసార్లు అక్కడిదాకా వెళ్లి రావాలి కదా! మీరు ఊఁ అంటే, కాపీ ఒక నిమిషం ఆలస్యంగా వెళ్లేట్టు మారుస్తాను."

"ఆ నిమిషంలోనే కొంప అంటుకుంటే? అప్పుడు బుక్కైన పార్సిళ్లకి నువ్వు పూచీ ఉంటావా? రెండుచోట్లా ఒకేసారి పడాలి, రసీదు చిటికెలో రావాలి. సోమవారం పదింటి దాకా చూస్తా. అప్పటికీ ఇదే వరసైతే ఆ మిషన్ అమ్మేస్తా. దాంతోపాటు నువ్వూ వేరే ఉద్యోగం వెతుక్కో!"

మూణ్నెల్లు తిండీ నిద్రా లేకుండా చేసిన పని అది. ఇంజనీరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. మెట్ల దగ్గరికెళ్లి బావకి ఫోన్ చేసింది. బావంటే అక్క మొగుడు, ఆ అవతలి గోడౌన్‌కి ఇన్‌ఛార్జి. ఇరవయ్యేళ్లుగా లారీల మధ్య బతికిన మనిషి. కంప్యూటర్‌కి దూరం నుంచే దండం పెడతాడు గానీ, మరదలంటే ప్రాణం పెడతాడు.

"ఏమే మరదలా, గొంతు అలా ఉందేంటి? ఓనరుగారు తలంటారా?"

"ఉద్యోగం పోయేట్టుంది బావా. కేబుళ్లు మార్చా, సెట్టింగులు మార్చా, చెయ్యనిదంటూ లేదు. అంతా ఈ దిక్కుమాలిన దూరం వల్లే!"

"దూరం వల్లేనా? ఇంకే లోపమూ లేదా?"

"ఏ లోపమూ లేదు. తప్పంతా ఆ ఆరొందల కిలోమీటర్లదే."

"ఓస్, ఇంతేనా! దానికి ఏడుస్తారటే? శని, ఆదివారాలు ఆ కాపీ ఏదో ఆపేసి నాకొదిలెయ్. మా గోడౌన్‌లో నెట్‌వర్క్ చూసే ఆయనా నేనూ చూసుకుంటాం."

"నువ్వా! నీకు మౌసు పట్టుకోవడమే రాదు కదా బావా?"

"నోర్ముయ్! బావనన్న భయమూ లేదు, భక్తీ లేదు నీకు."

దిక్కుతోచక ఆమె సరేనంది. రెండ్రోజులూ బావ ఫోన్ ఎత్తితే ఒట్టు. అక్కకి చేస్తే, "ఏమోనే, శనివారం పొద్దున పోయిన మనిషి ఇంతవరకూ ఇంటికి రాలేదు. నీ పనేనట! నువ్వేమో అక్కడ, నేనేమో ఇక్కడ, మధ్యలో మీ ఇద్దరి గోల" అని విసుక్కుంది.

సోమవారం తొమ్మిదింటికి అవతలి మిషన్ మళ్లీ కలిసింది. రెండ్రోజులుగా ఆగిన ఎంట్రీలన్నీ బుద్ధిగా వెళ్లి చేరాయి. పదింటికి ఓనరుగారు వచ్చి మొదటి కౌంటర్ ముందు నిలబడ్డారు. గుమస్తా మీట నొక్కి వేలు తీసేలోపే రసీదు ఊడిపడింది. రెండోది, మూడోది, అన్నీ అంతే. ఇంజనీరమ్మ స్క్రీన్‌లో ఆలస్యం అంకె చూసి కళ్లు నులుముకుంది. సున్నాకి కాస్త అటూ ఇటూ!

వెంటనే బావకి ఫోన్ కొట్టింది. "బావా! నువ్వు దేవుడివి! ఏం చేశావసలు?"

"అది మా వ్యాపార రహస్యం. ముందు నీ ఉద్యోగం గట్టిపడనీ, తర్వాత చెప్తా" అని నవ్వి పెట్టేశాడు.

ఓనరుగారి ముఖం వెలిగిపోయింది. "శభాష్ అమ్మాయ్! నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇక అసలు పరీక్ష కానిద్దాం. ఇక్కడంతా సర్వనాశనమైందనుకో. ఏదీ, అవతలి మిషన్ ఎలా అందుకుంటుందో నా కళ్లారా చూస్తాను" అంటూ తానే వెళ్లి బిల్డింగు మెయిన్ స్విచ్ లాగేశారు.

ఫ్యాన్లు ఆగాయి, ఇక్కడి డిస్కు మిషనూ ఆగింది. కౌంటర్ల మీది కంప్యూటర్లు మాత్రం బ్యాటరీల మీద వెలుగుతున్నాయి. అందరి కళ్లూ వాటిమీదే. పది సెకన్లు గడిచాయి. ఇరవై. నిమిషం. ఏ కౌంటర్‌లోనూ రసీదు రాలేదు. ఓనరుగారి నవ్వు వాడిపోతోంది. ఇంజనీరమ్మ మళ్లీ ఫోన్ తీసింది.

"బావా! నీ దగ్గర మిషన్ నడుస్తోందా?"

"ఎలా నడుస్తుందే? కరెంటు పోయిందిగా!"

"అక్కడ కూడానా?"

"అక్కడేంటే పిచ్చిమొహమా! దూరమే తప్పన్నావుగా, లారీలో వేసుకొచ్చి మీ వెనక షెడ్డులోనే దించా. ఇప్పుడు మీకూ మాకూ సరిగ్గా నలభై అడుగులు!"