రెక్క కింద కాళ్ళు

తామరలు కమ్మేసిన మడుగులో, ఆకుల మీద నడిచి బతికే మగపిట్ట ఒకడుండేవాడు. ఆ జాతిలో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ తండ్రే. అతనికిద్దరు కూతుళ్ళు. చేప ఎగిరినా సరే, ఇద్దర్నీ చెరో రెక్క కిందా ఇరికించుకుని పరిగెత్తేవాడు. పిల్లల పొడుగాటి కాళ్ళు బయటికి వేలాడుతుండేవి.

“నాన్నా, మేం నడుస్తాం,” అనేది చిన్నది.

“నడుద్దువుగానిలే తల్లీ. ఇంకాస్త పెద్దదానివి కానీ.”

పక్క ఆకు మీది కప్ప నవ్వేది. “ఏమయ్యా, వాళ్ళ కాళ్ళు నీళ్ళకి తగులుతున్నాయి. ఇంకెంత పెద్దవ్వాలి?”

“నీకేం! పిల్లల్ని నీళ్ళకొదిలేసి మరిచిపోయే జాతి,” అని కసిరేవాడు.

ఒక మధ్యాహ్నం మడుగు మీద గద్ద నీడ పడింది. కప్ప బుడుంగున మునిగింది. పిట్ట రెక్కలు బార్లా చాపి, “రండమ్మా, రండి!” అని అరిచాడు. పిల్లలు రాలేదు. ఏ ఆకు మీదా కనబడలేదు. నీడ దగ్గరికొస్తున్నా రెక్కలు మూయలేదు. మూస్తే పిల్లలెక్కడ దూరతారు?

“నాన్నా, ఇక్కడ!”

ఆకు అంచున, నీళ్ళలోంచి రెండు ముక్కులు మాత్రం పైకి కనిపించాయి.

“ఎవరు నేర్పారే మీకు?”

“నీ రెక్క కింద వేలాడుతూ రోజూ కప్పని చూడట్లా!” అంది పెద్దది. “తొందరగా దిగు నాన్నా, నువ్వొక్కడివే కనిపిస్తున్నావు!”

అతను నీళ్ళలోకి జారాడు. కూతుళ్ళిద్దరూ చెరో పక్కకీ జరిగి, నడుమ నాన్నకి చోటిచ్చారు.