తెల్లగీతకు అవతల

మెక్సికో సీరియళ్లలో నలభై ఏళ్లు నటించిన ఎవరిస్తోకి ఆ వేళ ఆఖరి సీను. తాత వేషంలో, హీరో అయిన మనవణ్ని దీవించి వెళ్లిపోవాలి.

మా కెమెరా మానిటర్ మీద రెండు నిలువు తెల్లగీతలుంటాయి. వాటి నడుమ పడిందే ఫోన్‌లో కనిపిస్తుంది. ఇప్పుడు సీరియళ్లన్నీ ఫోన్‌లోనే. టీవీ రోజుల్లో మా మేనత్త విలన్ కనబడితే తెర మీదికి చెప్పు విసిరేది. ఫోన్ మీదికి ఎవరు విసురుతారు?

నటుడు నిలబడాల్సిన చోట నేల మీద టేపు అంటిస్తాం. "టేపు తప్పి అడుగు వేశానంటే చెవి కోసిస్తా" అనేవాడు ఎవరిస్తో.

దీవెన చెప్పి అందర్నీ ఏడిపించేశాడు. చప్పట్లు ఆగలేదు.

"ఎలా వచ్చింది బావా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"అదరగొట్టావు."

"ముసలాణ్ని మునగచెట్టు ఎక్కించకు. గీతల మధ్యే ఉన్నానా? పుయెబ్లాలో మా ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది."

"టేపు మీదే ఉన్నావుగా!" అన్నాను.

నిజమే, వెంట్రుకవాసి కూడా తప్పలేదు. హీరో మొహం ఒక్కటే కనబడాలని పైవాళ్లు చెబితే, ఎవరిస్తో గీతకు అవతల పడేలా పొద్దున్నే ఆ టేపు అంటించింది నేనే.